శుక్రవారం గడప

8 ఫిబ్రవరి 1989, బుధవారం

శ్రమల దినాలు ఈ రోజు మొదలయ్యాయి. ఈస్టరు దాకా రోజూ పొద్దున ఒక వాక్యభాగం చదివి, అది నాతో ఏం మాట్లాడిందో రాసుకోవాలట. పాస్టరుగారి భార్య ప్రసన్నమ్మగారు ఈ డైరీ నా చేతిలో పెట్టి, "ఎవరికీ చూపించక్కర్లేదు రూతమ్మా. నువ్వూ దేవుడూ చదువుకుంటే చాలు" అన్నారు. దేవుడికి నా రాత అర్థమైతే సంతోషమే. ఏడో తరగతి మానేశాక నేను రాసిందల్లా మస్కట్‌లో ఉన్న మా ఆయనకు పంపే కవర్ల మీది అడ్రసే.

రూతు అని పేరు పెట్టి ఏడాది కావస్తోంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నా వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారేమోనని ఇప్పటికీ తిరిగి చూస్తాను. ఆర్మూరులో అందరికీ నేను గంగమణినే.

ఈ రోజు వాక్యం, కుడిచెయ్యి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట. చదివి నవ్వుకున్నాను. గంజ్ మార్కెట్‌లో కూలికి పసుపు ఏరేటప్పుడు నా చేతులు నన్నే అడగవు, ఇక ఒకదాన్ని ఒకటి ఏమడుగుతాయి? నోరు పక్కింటి వెంకవ్వతో ముచ్చట్లలో ఉంటుంది. చేతులు వాటంతట అవే కొమ్ములను ఒక దిక్కు, ఉండల్లాంటి మండలను ఒక దిక్కు వేస్తుంటాయి. సాయంత్రం కుప్ప చూసి ఇంత నేనే ఏరానా అనుకుంటాను. దానం కూడా అంత అలవాటు కావాలని ప్రభువు ఉద్దేశమేమో.

ఏడో నెల దగ్గరకొస్తోంది. దాని గురించి రాయను.

10 ఫిబ్రవరి, శుక్రవారం

మొదటి ఉపవాసం. వాక్యం తర్వాత రాస్తాను, ముందు ఇది రాయాలి.

పొద్దున లేచి తలుపు దగ్గరకు వచ్చేసరికి గడపకు పసుపు పెట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒద్దికగా, నడుమ కుంకుమ బొట్లు కూడా లేకుండా వట్టి పసుపు. మా ఇంట్లో మొదటి నుంచీ పెట్టేది అట్లాగే. వేళ్ల గీతలు తెలుస్తున్నాయి. మూడు గీతలు చివరిదాకా ఉన్నాయి, ఒకటి సన్నగా, తెగి తెగి పోయింది.

మామ పోయినప్పటి నుంచి శుక్రవారం గడప పని నాదే. మొగుడు లేనిదాన్ని, నా చేత్తో వద్దని అత్త గడపను ముట్టడం మానేసింది. కాలువలో బాప్తిస్మం తీసుకున్న వారం నుంచి నేనూ మానేశాను. అత్త ఆ రోజు ఒక్క మాటే అంది. "ఎండు గడప దాటి కడుపులున్న పిల్ల బయటికి రాదు బిడ్డా." అప్పటికి రెండు కడుపులు ఏడో నెలలోనే పోయాయి, అవి పోయినప్పుడు గడప పచ్చగానే ఉందని నేను తిరిగి అనలేదు. అంటే బాగుండేది. ఇప్పుడు అందామన్నా ఆమె మాట్లాడలేదు. దసరాకు పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది, నోరు పోయింది. తలుపుకు ఎదురుగా మంచంలో పడుకుని అన్నీ చూస్తూ ఉంటుంది.

గడప కడిగేశాను. కడుగుతుంటే అత్త నా వైపు చూస్తూ ఉంది. పని చేసే సగం నోటితో నవ్వింది.

12 ఫిబ్రవరి, ఆదివారం

పాస్టరుగారు లోతు భార్య గురించి చెప్పారు. దేవుడు కాల్చేస్తున్న తన ఊరిని తిరిగి చూసినందుకు ఉప్పు స్తంభమైంది. నాకు ఆవిడంటే జాలి. వెనక కాలిపోతున్నది తన పొయ్యి, తన చాట, తన గడప. తిరిగి చూడకుండా ఎవరుంటారు? ఈ మాట మీటింగులో అనలేదు, ఇక్కడే రాసుకుంటున్నాను.

17 ఫిబ్రవరి, శుక్రవారం

మళ్లీ ఉంది.

వెంకవ్వే పెడుతోందనుకున్నాను. నా బాప్తిస్మం మా వాడకట్టులో అందరికంటే ఎక్కువ ఆమెకే కష్టమైంది. గంజ్‌కు పోయేటప్పుడు అడిగేశాను.

"నా గడప ముట్టకు వెంకవ్వా. నీకు చేతనైతే నీ గడప నువ్వు చూసుకో."

ఆమె నడిచేది ఆగింది. "నీ గడపతోని నాకేం పని? నా ఇంట్ల పసుపు ఎక్కువై నీ ఇంటికి తెస్తున్ననా?"

"మరెవరు పెడుతున్నరు?"

"నాకెట్ల తెలుస్తది? తలుపు నీది, గొళ్లెం నీది." కాసేపు నా ముఖం చూసి, గొంతు తగ్గించి అంది. "జర చూసుకో గంగమణీ. కడుపుతోని ఉన్నవు. పెట్టేటోళ్లు ఎవరో గని, నీ మంచికే పెడుతున్నరనుకో."

మధ్యాహ్నం ఏరేటప్పుడు మేమిద్దరం మాట్లాడుకోలేదు. చేతులు మాత్రం ఏరుతూనే ఉన్నాయి.

19 ఫిబ్రవరి, ఆదివారం

ఆయనకు క్యాసెట్ నింపాను. పోయిన వానాకాలం సెలవుకు వచ్చినప్పుడు ఆయన మస్కట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌ను ముందు అర్రలో పెట్టుకుని, అత్త మంచానికి దూరంగా గోడ వారన కూర్చుని మాట్లాడాను. నేను బాగున్నాను, అత్త అట్లనే ఉంది, పిల్ల కదులుతోంది, నువ్వు తెచ్చిన ఉంగరం మధ్యవేలికి పెట్టుకుంటున్నాను అని చెప్పాను. ఉంగరం వేలు పసుపు పాలిష్ పట్టే డ్రమ్ములో పడి సగం పోయిందని మర్చిపోయి ఆ కొలతకే తెచ్చాడు భూమేశ్వర్. మగవాళ్లకు ఏం గుర్తుంటుంది? గడప సంగతి చెప్పలేదు. చివర ప్రార్థన చేశాను. ఈ కడుపు నిలబెట్టు ప్రభువా అని మాత్రమే.

20 ఫిబ్రవరి, సోమవారం

పోస్టు చేసే ముందు సరిగా పడిందో లేదోనని క్యాసెట్ పెట్టి విన్నాను.

ప్రార్థన అయ్యాక నేను ఆమెన్ అన్నాను. నా తర్వాత ఇంకొకరు ఆమెన్ అన్నారు.

మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఆడగొంతో మగగొంతో తెలియడం లేదు. మెల్లగా, అలసిపోయిన మనిషి అన్నట్టుగా ఉంది. అత్త అన్నదేమో అనుకుందామంటే ఆమె నోట మాట పోయి నాలుగు నెలలైంది. పైగా ఆమె మంచం తలుపు దగ్గర. ఈ గొంతు నా చెవి పక్కన ఉంది.

క్యాసెట్ పోస్టు చేయలేదు. బట్టల కింద పెట్టాను. ఈ రోజు వాక్యం చదవలేదు.

24 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న ఇంట్లో ఉన్న పసుపు డబ్బాను సందూకలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడి వేసుకుని పడుకున్నాను. తలుపుకు గొళ్లెం పెట్టి, పై గడియ కూడా వేశాను.

పొద్దున గడప పచ్చగా ఉంది. తలుపు ఓరగా తీసి ఉంది. తాళంచెవి నా కొంగుకే ఉంది.

కాబట్టి పసుపు బయటి నుంచే వస్తోంది. ఆర్మూరులో పసుపుకేం కొదవ. కానీ లోపలి గడియ బయటివాళ్లు ఎట్లా తీస్తారో అర్థం కావడం లేదు. అందుకని దాని గురించి ఆలోచించడం మానేశాను.

3 మార్చి, శుక్రవారం

ఏడో నెల పడింది.

అత్త లేచి నడుస్తోందని నాకు అనుమానం. పగలు పడుకుని, మనుషులు లేనప్పుడు లేస్తోంది. రాయడానికి భయంగా ఉంది, కానీ ఇంకెవరున్నారు ఇంట్లో? నిన్న పొయ్యిలో బూడిద తెచ్చి ఆమె మంచం చుట్టూ, అర్రంతా పలుచగా చల్లాను. పొద్దున చూస్తే మంచం చుట్టూ బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. లోపలి అర్ర నుంచి తలుపు దాకా అడుగులు ఉన్నాయి. అవి నావే, లేచి తలుపు దగ్గరకు పోయినప్పుడు పడ్డవి. తిరిగి లోపలికి పోయిన అడుగులు కూడా ఉన్నాయి. అవీ నావే అయి ఉంటాయి. తొందరలో పోయి వచ్చానేమో.

గడప పచ్చగా ఉంది. అత్త ముఖం కడుగుతూ, "నువ్వేనా?" అని అడిగాను. ఎడమచేత్తో నా తల నిమిరింది. చేయి తీసేయబోయాను. తీయలేకపోయాను.

7 మార్చి, మంగళవారం

ప్రసన్నమ్మగారు గంజ్ పని మానమన్నారు. కూర్చుని కూర్చుని వంగితే కడుపుకు మంచిది కాదట. మానేశాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. అత్త చూపు నా వెనకే తిరుగుతుంది.

ఈ రోజు ఆమె "నీల్లు" అంది. స్పష్టంగా కాదు, కానీ అంది. నాలుగున్నర నెలల తర్వాత మొదటి మాట. సంతోషపడాలి నేను. చెంబు చేతిలోంచి జారి పడింది.

10 మార్చి, శుక్రవారం

వాక్యం, ఐగుప్తులో మొదటి పిల్లలు చచ్చిపోయిన కథ. ద్వారబంధాలకు గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్లను చావు దాటిపోయింది. ఈ కథ నేనిదివరకు పది మందికి చెప్పాను, క్రీస్తు రక్తం అని అర్థం కూడా చెప్పాను. ఈ రోజు మాత్రం చదువుతూ తలుపు వైపు చూశాను. అత్తకు చదివి వినిపిస్తే, నోరుంటే "నేను జెప్పింది గదే గద" అనేది. దాటిపోవాలంటే ఏదో ఒకటి పూసి ఉండాలి కదా.

గడప కడగలేదు. మధ్యాహ్నం కడుగుదామనుకున్నాను. ఏడో నెల, వంగొద్దన్నారు. నిజంగా అందుకే కడగలేదు.

ఉపవాస ప్రార్థనకు పిలవడానికి ప్రసన్నమ్మగారే వచ్చారు. గడప ముందు ఆగిపోయారు.

"ఇదేంటి రూతమ్మా?"

"నేను పెట్టలేదమ్మగారూ. నాకు తెల్వది ఎవరు పెడుతున్నరో."

ఆవిడ నా చేతుల వైపు చూశారు. తర్వాత నా ముఖం వైపు చూశారు. ఆవిడ మంచి మనిషి. "ఆదివారం ప్రభువు బల్ల ఉంది, రొట్టె విరుస్తాం. రావాలో వద్దో నువ్వే ప్రార్థన చేసి నిర్ణయించుకో" అన్నారు. గడప తొక్కకుండా దాటి లోపలికి వచ్చి, అత్త తల మీద చేయి పెట్టి ప్రార్థించి వెళ్లారు.

ఆవిడ వెళ్లాక చేతులు చూసుకున్నాను. గోళ్ల సందుల్లో పసుపు. గంజ్ మానేశాక కూడా పోవడం లేదు. ఇన్నేళ్ల పని, అంత త్వరగా పోతుందా.

12 మార్చి, ఆదివారం

బల్లకు పోలేదు.

17 మార్చి, శుక్రవారం

ఉంది. కడగలేదు.

పిల్ల బాగా కదులుతోంది. రెండోసారి కడుపు పోయినప్పుడు ఈ రోజుల్లోనే కదలడం మానింది. ప్రభువా, నిన్ను కాదని కాదు. నీవు ఇచ్చిన పిల్లే. కానీ నేను కడిగితే, తర్వాత ఏమైనా జరిగితే, నేను నా చేతులను ఎట్లా చూసుకోను?

23 మార్చి, గురువారం

రేపు మంచి శుక్రవారం. సాయంత్రం గుడిలో పాస్టరుగారు మా పన్నెండు మంది కాళ్లు కడిగారు. నా కాళ్లు వాచి ఉన్నాయి. ఆయన వంగి కడుగుతుంటే సిగ్గుతో చచ్చాను. తలుపు గడప కడగని దాని కాళ్లు ఆయన కడుగుతున్నారు.

వాక్యం, ప్రభువును పట్టుకునే ముందు గెత్సేమనే తోటలో గడిచిన రాత్రి. ఒక్క గంట కూడా మెలకువగా ఉండలేరా అని ప్రభువు అడిగితే శిష్యులు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నారు. రేపు తెల్లారేదాకా నేను మేలుకుంటాను. తలుపుకు ఆనుకుని కూర్చుంటాను. ఎవరైనా రావాలంటే నన్ను దాటే రావాలి.

24 మార్చి, మంచి శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేనూ నిద్రపోయాను. కోడి కూస్తుంటే మెలకువ వచ్చింది. తలుపుకు ఆనుకుని కూర్చున్నదాన్ని లోపలి అర్రలో చాప మీద ఉన్నాను. లేచి వచ్చాను. తలుపు తీసి ఉంది. గడప తడిగా, పచ్చగా ఉంది. బయట ఇంకా చీకటి పోలేదు, సిద్ధులగుట్ట బండలు నల్లగా కనిపిస్తున్నాయి. వాకిట్లో ఎవరూ లేరు.

నాకు కోపం వచ్చింది. భయం కంటే ఎక్కువ కోపం. అత్త మంచం దగ్గరకు పోయాను. ఆమె మేలుకునే ఉంది.

"చెప్పు అత్తా. రోజూ చూస్తనే ఉంటవు గద. ఎవరు వస్తున్నరు? ఎవరు పెడుతున్నరు?"

అత్త నోరు తెరిచింది. ఈ మధ్య ఒకటి రెండు మాటలు వస్తున్నాయి కానీ ఇంత ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కో మాట కూడదీసుకుని మాట్లాడింది.

"నువ్వే గద పిల్లా."

నేను మంచం కోడు పట్టుకున్నాను.

"శుక్రారం శుక్రారం లేస్తవు. సందూక తీస్తవు. పెడతవు. మల్లవోయి పండుకుంటవు. నా దిక్కు సూడవు."

"నేను పెట్టలేదు."

"నీ చెయ్యి పెట్టు. సూడు."

గడప దగ్గర కూర్చుని వేళ్లు ఆ గీతల మీద పెట్టాను. మూడు వేళ్లు మూడు గీతల్లో సరిగా కూర్చున్నాయి. నా మొండి వేలు పైకి తేలి ఉంది, దాని కింద గీత సన్నగా తెగి తెగి ఉంది. అరచేతికి తడి పసుపు అంటింది. అరచెయ్యి అంతకు ముందే పచ్చగా ఉంది.

తలెత్తి చూశాను. అత్త ఏడుస్తోంది. దుఃఖంతో కాదు. అదే నాకు ఇంకా కష్టమైంది.

"నా కోసం పెడుతున్నవనుకున్న బిడ్డా" అంది. "మీ అయ్యగారికి తెల్వకుండ, నీ దేవునికి తెల్వకుండ, ముసల్దాని మనసు కోసం పెడుతున్నవనుకున్న. నా కోడలు ఎంత మంచిదని మురిసిన."

నేను ఏం చెప్పాలి? నీ కోసం కాదు, నాకు తెలియనే తెలియదు అని చెప్పాలా?

"గందుకే నేను సుత మొక్కిన. నీ ఏసయ్యకు. పొద్దుగాల్ల నువ్వు గోడకు కూసోని మొక్కుతవు గద, అప్పుడే. నా కోడలు కడుపు నిలవెట్టు అయ్యా అని. నువ్వు నా గడప సూస్తున్నవు, నేను నీ దేవుణ్ణి సూస్తున్న."

ఆమె తల పట్టుకుని ఏడ్చాను. క్యాసెట్‌లో ఆమెన్ అన్నది ఈమేనన్నమాట. ఇన్ని రోజులు నేను ఒంటరిగా ప్రార్థిస్తున్నాననుకున్నాను.

26 మార్చి, ఈస్టరు ఆదివారం

ఆరాధన తర్వాత ప్రసన్నమ్మగారికి అంతా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నిద్రలో చేసింది నీ లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు రూతమ్మా. మెలకువగా ఏం చేస్తావో అది మాత్రం నీదే" అన్నారు.

31 మార్చి, శుక్రవారం

నాకు నేనుగా లేచాను. కోడి కూయలేదు. లేచి కూర్చుని, నేను మేలుకునే ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. గడప దగ్గరకు పోయి చూశాను. ఎండి ఉంది. తెలిశాక ఇక నా చెయ్యి తనంత తాను లేవలేదు.

అత్త మేలుకుని చూస్తోంది. "ఇయ్యాల పెట్టలేదా బిడ్డా?" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

సందూక తీసి పసుపు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నాకు చాలా భయం వేసింది, దాచుకోను. పెడితే ప్రభువుకు ఏ ముఖం పెట్టుకుని మొక్కను? పెట్టకపోతే ఈమె ముఖం ఎట్లా చూడను? గడప ఎండిన ఈ పూటే కడుపులో ఏదైనా అయితే? పిల్ల పొద్దుటి నుంచి కదలలేదు. పోయిన గురువారం గుడిలో నా వాచిన కాళ్ల ముందు పాస్టరుగారు వంగి కూర్చున్నది గుర్తొచ్చింది.

గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చాను. అత్త కాళ్లు కడిగి, పసుపు కలిపి, ముందు చచ్చుబడిన కాలికి, తర్వాత మంచి కాలికి రాశాను. ఆమె కాలు లాక్కోబోయింది.

"ముండమోసినదాని కాళ్లకు పసుపేందే. పాపం తగుల్తది."

"తగిలితే నాకే తగుల్తది తీయి. మా దేవుని ఇంట్ల ముండమోసినదని వేరే లెక్క లేదు."

"మరి గడప?"

"గడపకు వద్దత్తా. నేను తెలివితోని పెట్టలేను. నీ కాళ్లకైతే రోజూ పెడత."

 అత్త తన పాదాలను చాలాసేపు చూసుకుంది. మామ పోయాక ఆ పాదాలను ఎవరూ ముట్టింది లేదు. చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

ఆమె మనసు కుదుటపడాలని బట్టల కింద ఉన్న క్యాసెట్ తీసి పెట్టాను. "నీ గొంతు విను. భూమేశ్వర్ వింటే ఎంత సంబరపడతడో" అన్నాను. నా మాటలు వచ్చాయి, ఉంగరం సంగతి వచ్చింది, అత్త నవ్వింది. ప్రార్థన వచ్చింది. నేను ఆమెన్ అన్నాను. తర్వాత ఆ గొంతు ఆమెన్ అంది.

అత్త నవ్వు ఆగిపోయింది. "మల్ల పెట్టు" అంది. మళ్లీ పెట్టాను.

"గది నేను గాదు పిల్లా."

"నువ్వే అత్తా. నువ్వు మొక్కిన అన్నవు గద."

"మనసుల మొక్కిన. గప్పుడు నాకు నోరెక్కడిది?" నన్నే చూస్తూ మెల్లగా అడిగింది. "గా మాట నాకు ఇప్పటికి తిరుగుతలేదు. అను మల్లొకసారి, ఏమన్నడు?"

నేను అన్నాను. ఆమె అనబోయింది. నాలుక మడత పడింది, మొదటి అక్షరం దాటలేదు.

 క్యాసెట్ అయిపోయినా గరగరమని తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు. అప్పుడు పిల్ల కదిలింది, గట్టిగా. అత్త చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టాను. ఆమె పసుపు పాదాల వైపు, ఎండిన గడప వైపు మార్చి మార్చి చూస్తోంది.

ఈ రోజు వాక్యం ఎమ్మాయు దారి. ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తుంటే మూడో మనిషి వచ్చి కలిశాడు. సమాధి నుంచి లేచిన ప్రభువే అని వాళ్లకు తెలియలేదు. పొద్దుపోయింది, మా ఇంట్లో ఉండమని బలవంతం చేశారు.

ఏడో నెల ఇంకా దాటలేదు. క్యాసెట్ రేపు పోస్టు చేస్తాను, ఆయన కూడా వినాలి. తలుపుకు ఈ పూట గొళ్లెం పెట్టలేదు. పెట్టమని అత్త కూడా అనలేదు.